పల్లం లేని బోర్డు

...అదే స్వర్ణా, నువ్వడిగి ఇన్నాళ్ళయింది, నేనేమో ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అంటూ జరిపేస్తూ వచ్చాను, ఏమీ అనుకోకు. మొదలెట్టలేదని కాదు. మొదలెట్టి, సగంలో ఆపి, చెరిపేశాను. ఇది టైపు చేసి పంపే సంగతి కూడా కాదు. అందుకని ఇవాళ మాస్టారింటి అరుగు మీద కూర్చుని ఫోన్లో రికార్డు చేస్తున్నాను, లోపల వరండాలో ఆట నడుస్తోంది, నా వంతు వచ్చేలోపు నీకు చెప్పేద్దామని. కాస్త పొడుగవుతుంది. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దింపేసి విను.

మీ తమ్ముడు ఫణి ఆ కంప్యూటర్ ఆటల తెర, గేమింగ్ మానిటరంటారే, అది ఇప్పుడే కొంటున్నాడా, జనవరి దాకా ఆగుతున్నాడా అని నువ్వడిగితే, "కారంస్ మాస్టారు ఏదో చెప్పారక్కా, భ్రమరాంబగారిని అడుగు" అని నా పేరు చెప్పి ఫోన్ పెట్టేశాడన్నావు. వాడు చెప్పలేడులే. ఆ వేళ నేనూ అక్కడే ఉన్నాను కాబట్టి విన్నది విన్నట్టు చెప్తాను.

ముందు మాస్టారి సంగతి నీకు తెలియాలి. త్రిమూర్తులు మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నిడదవోలులో కారంస్ పట్టుకున్నవాళ్ళందరికీ ఆయనే గురువు. సాయంత్రం ఆఫీసులు వదిలాక మా బోటి పెద్దవాళ్ళం కొందరం ఆయన వరండాలో చేరతాం. నేను మా కరెంటాఫీసు తరఫున ఆడుతున్నాను, మీ తమ్ముడు వాళ్ళ బ్యాంకు తరఫున. ఆయనకి రెండు అలవాట్లున్నాయి. ఒకటి, ఆయన స్ట్రైకర్ ముట్టుకోరు. మన వెనకాల నిలబడి, చేతిలో వెదురుపుల్లతో "ఇక్కణ్ణించి కొట్టు, ఇంత మెల్లిగా కొట్టు" అని చూపిస్తారు, అంతే. ఒకప్పుడు ఊరి క్లబ్బులో ఆయన్ని ఓడించినవాళ్ళు అరుదని చెప్పుకుంటారు, మేం మాత్రం ఆయన ఒక్క కాయిన్ కొట్టడం చూడలేదు. వేళ్ళ నొప్పులేమో అనుకునేవాళ్ళం. రెండోది, వరండా గోడకి ఒక పెద్ద బోర్డు వేలాడుతుంటుంది, పాత పంచె చుట్టి, తాడు కట్టి. మేమేమో పెచ్చులూడిన బోర్డు మీద ఆడతాం. ఆయన అప్పుడప్పుడు ఆ పంచె విప్పి, మెత్తని గుడ్డతో బోర్డంతా తుడిచి, మళ్ళీ చుట్టి పెట్టేస్తారు. "అది పెళ్ళికూతురండీ, ముసుగు తియ్యకూడదు" అని మీ తమ్ముడే ఎగతాళి చేసేవాడు. మాస్టారు విన్నా విననట్టే ఉండేవారు.

ఆ వేళ ఫణి వస్తూనే మొహం వేలాడేసుకుని వచ్చాడు. మాస్టారు చూసి, "ఏమోయ్, బ్యాంకు తాళాలు పారేసుకున్నావా" అన్నారు. వీడు దానికోసమే చూస్తున్నట్టు కూర్చుని మొదలెట్టాడు. "ఒక విషయం తేలట్లేదండి మాస్టారూ. మానిటర్ కొందామని దసరా ముందు నుంచీ చూస్తున్నాను. కొనేద్దాం అనుకున్న రోజునే, జనవరిలో ఇంకోటి వస్తోందని ఎవడో చెప్తాడు. ఇప్పుడు కొంటే జనవరిలో ఏడుస్తాను. ఆగితే పాతదాని ముందు కూర్చుని రోజూ ఏడుస్తున్నాను. మీరైతే ఏం చేస్తారండి?" అని. ఆ తర్వాత హెర్ట్జులన్నాడు, ప్యానెళ్ళన్నాడు, నాకు బుర్రకెక్కలేదు. కొత్తవాటిలో నలుపు నిజంగా నల్లగా కనిపిస్తుందటండీ అన్నాడు. "మరిప్పుడు నలుపు ఏ రంగులో ఉందోయ్" అన్నారు మాస్టారు. "బూడిదరంగులో అండి" అన్నాడు వీడు. అందరం నవ్వాం. వాడు నవ్వలేదు, నిజంగానే బాధపడుతున్నాడు.

మాస్టారు అప్పుడు సరిగ్గా కూర్చుని, డాక్టరు రోగిని అడిగినట్టు అడిగారు. "ఆ పాతదాని జబ్బేవిటి?" అని. "వెనకబడుతుందండి. కార్ల పందెం ఆట కదా, నేను తిప్పాక ఓ రెప్పపాటుకి గానీ తెరమీద కారు తిరగదు. అందుకని మలుపు రాకముందే తిప్పేస్తుంటాను. అలా అలవాటైపోయింది" అన్నాడు. "అలవాటైపోయిందా" అన్నారు మాస్టారు. ఆ మాట ఆయన అన్న తీరు నాకిప్పటికీ చెవిలోనే ఉంది. పుల్లని చేతిలో తిప్పుతూ, "ఆ తెరమీద నీకు ఎదురు ఎవరు ఆడతారు?" అన్నారు. "మా బావండి. నాగపూర్లో ఉంటారు. ఆదివారం ఆదివారం ఇద్దరం కలిసి ఆడేవాళ్ళం. ఈమధ్య ఆపేశామండి. వరసగా ఓడిపోతున్నాను, తెర వల్లే. ఇలాంటి ఆట లెక్కలోకి రాదు, కొత్తది కొన్నాక అసలు ఫైనల్ ఆడదాం బావా అని నేనే అన్నాను. పాపం ఆయనేమో, లెక్క ఎందుకయ్యా, ఊరికే ఆడదాం అంటారు." మాస్టారు "ఆయన అక్కడే ఉంటారా" అంటే, "లేదండి, దీపావళి వెళ్ళాక ఏదో కొండల్లో సొరంగం పనికి వెళ్ళిపోవాలట. అక్కడ సిగ్నల్ కూడా ఉండదట. ఎన్నాళ్ళో తెలీదు" అన్నాడు. ఇదంతా వాడు మామూలుగానే చెప్పాడు స్వర్ణా, దాని పక్కన జనవరి మాట పెట్టి చూసుకోలేదు. మీ ఆయన ఆదివారం పూట కంప్యూటర్ పెట్టుకుని ఒక్కరే ఆడుకుంటున్నారని నువ్వు నాతో అన్నావు కదా, నాకు అది గుర్తొచ్చింది. 

మాస్టారు లేచి వెళ్ళి గోడ మీది బోర్డు దింపారు.  తాడు విప్పి, పంచె తీసి, స్టూలు మీద పెట్టారు. ఎంత బోర్డని చెప్పను. మందంగా, అద్దంలాగా ఉంది, ఎక్కడా గీత పడలేదు. పౌడరు చల్లి, కాయిన్లు పేర్చి, "నువ్వు కొట్టు" అన్నారు ఫణితో. వాడు భయపడుతూనే కొట్టాడు. స్ట్రైకర్ నీళ్ళ మీద పడవలాగా వెళ్ళింది, కాయిన్ పాకెట్లో పడింది. ఇంకోటి కొట్టాడు, అదీ పడింది. అప్పుడు మాస్టారు ఎదర కుర్చీలో కూర్చుని, స్ట్రైకర్ తీసుకున్నారు.  వేలు మడిచిన పద్ధతి చూస్తేనే తెలిసిపోయింది, ఇది మామూలు చెయ్యి కాదని. పాకెట్ ముందర ఉన్న కాయిన్, చంటిపిల్లాడైనా వెయ్యగలడు దాన్ని. ఆయన కొట్టారు. కాయిన్ పాకెట్‌కి కాస్త కుడిగా, చెక్కకి తగిలి వెనక్కొచ్చింది. ఇంకోటి కొట్టారు. అదీ అంతే, అంతే కుడిగా. తర్వాత ఎన్ని కొట్టినా అదే చోట తగిలింది. చేతకానివాడు తప్పితే ఒకసారి అటూ ఒకసారి ఇటూ పోతుంది కదా. ఇది అలా కాదు, గురిపెట్టి తప్పినట్టుంది. ఫణి చిన్నగొంతుతో, "మాస్టారూ, మీరు కావాలని తప్పిస్తున్నారు కదూ" అన్నాడు. మాస్టారు వాడి మొహంలోకి చూసి, "ఆయనా అదే అన్నాడు" అన్నారు.

ఆయనంటే దేవసహాయంగారు. గూడ్సు బండికి గార్డుగా చేసేవారట. మాస్టారికి ప్రాణస్నేహితుడు. అప్పట్లో ఊళ్ళో ఒక రిక్రియేషన్ క్లబ్బు ఉండేది, అందులో ఒకటే కారంబోర్డు. కిటికీ పక్కన పెట్టేవాళ్ళట, వానజల్లు పడి పడి కిటికీ వైపు చెక్క నాని, ఆ వైపు పల్లం పడింది. ఏ కాయిన్ కొట్టినా అటుకేసి జారిపోయేది. ఆ క్లబ్బులో ఎవరి కుర్చీ వాళ్ళదే. మాస్టారికి కిటికీ ఎడం పక్కకి వచ్చేది, దేవసహాయంగారికి కుడి పక్కకి. రోజూ ఆడి ఆడి మాస్టారి చెయ్యి ఆ పల్లాన్ని నేర్చుకుంది, కాస్త కుడిగా కొడితే సరిగ్గా పాకెట్లోకి జారేది. ఇద్దరూ సమానమైన ఆటగాళ్ళు. ఎవరు ఓడిపోయినా, "నువ్వు గెలవలేదోయ్, పల్లం గెలిచింది" అని వెక్కిరించుకునేవారట. దేవసహాయంగారు మరీ చాదస్తపు మనిషి, బండి చివరి దాకా నడిచి అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకుంటే గానీ పచ్చజెండా ఊపేవారు కాదట. ఆయన ఒకరోజు, "త్రిమూర్తులూ, ఈ బోర్డు మీద ఆడిందేదీ ఆట కాదు. క్లబ్బుకి మంచి బోర్డు వస్తుంది, అప్పుడు ఆడదాం, అప్పుడు తేలుతుంది ఎవడు మొనగాడో" అన్నారట. సరే అన్నారు మాస్టారు.

ఇంక అక్కణ్ణించి ఆగడమే. క్లబ్బువాళ్ళు కొత్త బోర్డు తెస్తామంటే దేవసహాయంగారే అడ్డం పడేవారట, "ఆగండి, ఇంకా మందం చెక్కతో చేస్తున్నారట, అది రానివ్వండి" అని. అది వచ్చేసరికి దానికన్నా మంచిది ఇంకేదో వస్తోందనేవారు. లెక్కలోకి రాని ఆట ఆడటం ఎందుకని ఇద్దరూ కలిసి కూర్చోవడం తగ్గించేశారు. మాస్టారు వేరేవాళ్ళతో ఆడేవారు, దేవసహాయంగారు పక్కన కూర్చుని టీ తాగుతూ చూసేవారు. మాస్టారు ఇది చెప్తూ, "రోజూ వచ్చేవాడోయ్. డ్యూటీ దిగి, జెండాలు చంకలో పెట్టుకునే వచ్చేవాడు. ఎదర కుర్చీ ఖాళీగానే ఉండేది. కూర్చోవోయ్ అంటే, ఉండవోయ్, బోర్డు రానీ అనేవాడు" అన్నారు. తర్వాత దేవసహాయంగారికి బదిలీ అయింది. సామాన్లు బండికెత్తుతూ కూడా, "మనది ఒకటి బాకీ ఉంది త్రిమూర్తులూ" అన్నారట.

ఇద్దరూ రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం ఈ ఇంటి ముందు ఆటో ఆగింది. దేవసహాయంగారు దిగారు, రాజమండ్రి నుంచి వచ్చారు. ఆటోలో ఆయన పక్కన గోనెపట్టా చుట్టిన ఈ బోర్డు. ఆయన కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది, పక్షవాతం వచ్చి పడిపోయిందట. మాస్టారికి కబురు కూడా చెయ్యలేదు. "ఇంతకన్నా మంచి బోర్డు ఇంక రాదోయ్, అందరినీ అడిగాను. రా" అని, ఇదిగో ఈ వరండాలోనే కూర్చున్నారట. "చెయ్యి ఇలా ఉంటే ఎలా" అంటే, "ఇంకోటుందిగా" అన్నారట. ఎడంచేత్తో మొదలెట్టారు. ఆ ఎడంచెయ్యి ఎప్పుడూ కారంస్ ఆడింది కాదు. మెల్లిగా, వణుకుతూ, కానీ తిన్నగా కొట్టేది. పల్లం సంగతి దానికి తెలియదు కదా. మాస్టారి కుడిచేతికి పల్లం తప్ప ఇంకోటి తెలియదు. ఎంత సరిచేసుకుని కొడదామన్నా, వేలు విదిలించే సమయానికి చెయ్యి దాని పని అది చేసుకుపోయేదట. పాకెట్ ముందున్నవన్నీ తప్పిపోతున్నాయి. దేవసహాయంగారు కాయిన్ తర్వాత కాయిన్ వేసుకుంటున్నారు. మొదట్లో సంతోషంగానే ఉన్నారు. తర్వాత ఆయన మొహం మారిపోయింది. స్ట్రైకర్ కింద పెట్టేసి, "నా చెయ్యి పడిపోయిందయ్యా. నీ కన్నెప్పుడు పడిపోయింది?" అన్నారట.

మాస్టారు చెప్పారు. ఇదంతా ఆ పల్లం వల్లేనయ్యా, నా చెయ్యి ఇంకా క్లబ్బు బోర్డు మీదే ఆడుతోంది, నమ్ము అన్నారు. ఆయన వినలేదు. "ఇన్నేళ్ళలో నాకెప్పుడూ ఒక్క కాయిన్ వదల్లేదు నువ్వు. అందుకే నీతో ఆడాలనుకున్నాను. ఇవాళ వదిలేశావు. నన్ను చూసి జాలిపడ్డావు" అని లేచారట. బోర్డు తీసుకెళ్ళమంటే, "నాకెందుకది" అన్నారట. ఆటో వెళ్ళిపోయింది. మాస్టారు అప్పటికప్పుడు క్లబ్బుకి పరిగెత్తారు. ఆ పాత బోర్డు రాజమండ్రి తీసుకెళ్ళి, దాని మీద నాలుగు కాయిన్లు వేసి చూపిస్తే నమ్ముతాడు కదా అని. క్లబ్బు ఎప్పుడో మూసేశారు, వాచ్‌మన్ ఉంటున్నాడు అందులో. ఏ కిటికీలోంచి వాన పడి ఆ బోర్డు పాడయ్యిందో, దాన్ని ముక్కలుగా కోసి ఆ కిటికీకే అడ్డంగా కొట్టేశారట. మేకులు దిగేసి ఉన్నాయి. మాస్టారు దాన్ని చేత్తో తడిమి చూసి వచ్చేశానన్నారు. ఆ తర్వాత రాజమండ్రి వెళ్ళారు. దేవసహాయంగారు బాగానే మాట్లాడారు, భోజనం పెట్టించారు, ఇంట్లోవాళ్ళ సంగతులన్నీ అడిగారు. కారంస్ మాట ఎత్తితే మటుకు, "ఇప్పుడెందుకులే త్రిమూర్తులూ" అని పక్కకి తిరిగిపోయేవారట. ఎన్నిసార్లు వెళ్ళినా అంతే. ఆ వచ్చే వానాకాలంలో ఆయన పోయారు. నమ్మకుండానే పోయారు.

 పెచ్చులూడిన బోర్డు మీద ఆట సగంలో ఆగి ఉంది, ఎవరికీ గుర్తు కూడా లేదు. కాసేపటికి ఫణి, వాడి మాట తీరు నీకు తెలుసుగా, మనసులోది పైకి అనేస్తాడు, "అది కాదండి మాస్టారూ, ఇన్నేళ్ళు ఇంట్లో పెట్టుకున్నారు కదా బోర్డు. రోజూ కాస్త ఆడితే చెయ్యి సరైపోయేది. మా అందరికీ సరిచేశారు కదండీ మీరు" అన్నాడు. నాకు వాడి మీద కోపం వచ్చింది, ఇప్పుడు అడిగే మాటా అది అని. మాస్టారికి కోపం రాలేదు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దానికేసే చూస్తూ అన్నారు.

"సరైపోతే, నేను ఆయనతో చెప్పింది అబద్ధమైపోతుంది కదోయ్."

అందుకే ఆయన స్ట్రైకర్ ముట్టుకోనిది. ఇన్నాళ్ళూ వేళ్ళ నొప్పులనుకున్నాం మేము. అలా తప్పిపోయే చెయ్యి ఒక్కటే ఆయన దగ్గర మిగిలిన సాక్ష్యం, దాన్ని చెడిపోకుండా దాచుకుంటున్నారు. ఎవరికి చూపిస్తారు చెప్పు, చూడాల్సినాయన లేడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, పౌడరు పడిందని తుడుచుకున్నాను. మాస్టారు మెత్తని గుడ్డ తీసుకుని బోర్డు మీది పౌడరంతా తుడిచారు, మూలమూలలా, చిన్నపిల్లకి మొహం తుడిచినట్టు. పంచె చుట్టారు. తాడు కడుతుంటే ఫణి లేచి అవతలి కొస పట్టుకున్నాడు. పట్టుకుని, నేలకేసి చూస్తూ అడిగాడు, "మరి నన్నేం చెయ్యమంటారండి? ఇప్పుడే కొననా, ఆగనా?" అని. వాడికి ఇంకా కావాలి, కొనమనో వద్దనో ఒక మాట. మాస్టారు ముడి వేసి, బోర్డు గోడకి తగిలించి, వంకర లేకుండా సరిచేసి, దానికేసే చూస్తూ అన్నారు.

"ఆయన ఎదురుగా కూర్చున్నన్నాళ్ళూ మాకు బోర్డు బాగోలేదు. ఇప్పుడు చూడు, ఎంత బాగుందో బోర్డు."

అంతే స్వర్ణా. టీ పెట్టిస్తానని లోపలికి వెళ్ళిపోయారు. మీ తమ్ముడు చెప్పులేసుకుని, మళ్ళీ విప్పి, మళ్ళీ వేసుకుని వెళ్ళాడు. ఆ తర్వాత వాడు కొన్నాడో లేదో నాకు తెలియదు, నేనడగలేదు. అడగబుద్ధి కాలేదు. కానీ మాస్టారి మాట రోజూ గుర్తొస్తోంది నాకు. ఆయన కొనమన్నట్టా వద్దన్నట్టా అని నువ్వడుగుతావు. ఇంటికెళ్ళి నేనూ చాలా ఆలోచించాను, నాకు తోచింది ఏవిటంటే, అసలు ఆయన మానిటర్ గురించి అన్నారో లేదో కానీ, మీ ఆయన ఆదివారం పూట ఒక్కరే అలా కూర్చుని... ఆఁ, ఆఁ, నా ఆటేనా? వచ్చేస్తున్నానండి మాస్టారూ, వచ్చేస్తున్నా